పందుల బండిలో మాటలు

ఆ రోజుల్లో మాదాపూర్ వైపు వెళ్ళే బస్సెక్కితే పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు ముందుగా అడిగేది, "ఏ కంపెనీ అమ్మా?" అని. ఏదో ఒకటి చెబితే, "ప్రోగ్రామింగా, టెస్టింగా?" అని రెండో ప్రశ్న. నేను పందుల డాక్టర్‌నని చెప్పుకునే ధైర్యం మొదటి నెలలోనే పోయింది. లింగంపల్లిలో నేను కిరాయికి ఉన్న ఇంటి ఓనరమ్మ వాడకట్టంతటికీ నన్ను "మా సాఫ్ట్‌వేర్ అమ్మాయి" అని చెప్పేది. అనంతపురంలో మా అమ్మ కూడా చుట్టాలకు అదే చెబుతోందని తెలిసి, ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, "నేను చదివింది పశువైద్యం కదమ్మా" అన్నాను.

"నువ్వుండేది హైటెక్ సిటీలోనే కదా, ఇంకేమి" అంది అమ్మ.

అదీ పూర్తిగా నిజం కాదు. నేను పనిచేసేది హైటెక్ సిటీకి కాస్త అవతల, ఖాజాగూడ గుట్టల పక్కన, రేకుల కప్పు వేసిన పొడవాటి షెడ్డులో. చుట్టూ ఏనుగులంత బండరాళ్ళు. ఆ రాళ్ళను రోజూ మందుపెట్టి పేల్చేవాళ్ళు. పేల్చిన చోట కొన్నాళ్ళకు పునాది, ఇంకొన్నాళ్ళకు అద్దాల మేడ లేచేది. పేలుడు వినిపించినప్పుడల్లా మా పందులు ఒక్కసారి చెవులు నిక్కించి, మళ్ళీ మేతలో పడిపోయేవి. మేమూ అంతే.

మా పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆరోగ్యంగా ఉన్న పందిని చావు అంచుదాకా తీసుకెళ్ళి, మళ్ళీ వెనక్కి లాక్కురావడం. పందికి మత్తు ఇచ్చేది నేను. తర్వాత దాని ఒంట్లోంచి నెత్తురు కొంచెం కొంచెంగా తీసేవాళ్ళం, కొన్నిటికి నాళం కోసి కారనిచ్చేవాళ్ళం. గుండె తడబడే దశలో ఒక ద్రవం ఎక్కించేవాళ్ళం. ఆ ద్రవం మాకు జీతాలిచ్చే మందుల కంపెనీ తయారుచేసింది. నెత్తురు పోయిన మనిషికి నెత్తురు దొరికేదాకా మెదడు చచ్చిపోకుండా అది కాపాడుతుందని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం నిజమో కాదో పందులు తేల్చాలి. అందుకని పంది తల గొరిగి, నాలుగు తీగలు అంటించి, మెదడు నడక గీతలుగా కనిపించే యంత్రానికి తగిలించేవాళ్ళం. గీతలు గబగబా ఎగిరిపడుతుంటే మెదడు మెలకువగా ఉన్నట్టు. బద్ధకంగా సాగితే మత్తులో ఉన్నట్టు. చదునైపోతే అయిపోయినట్టు.

ఆ యంత్రం చూసుకునేది కాకినాడ నుంచి వచ్చిన ఇంజినీరు. నాకంటే ఏడాది చిన్న. నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయని, పందికి వీపు పెట్టి తెర వైపు తిరిగి కూర్చునేవాడు. "నాకు గీతలు చాలండి, మిగతాది మీరు చూసుకోండి" అనేవాడు. ఒక జీవి ప్రాణం గురించి ఆ షెడ్డులో అందరికంటే ముందు తెలిసేది దాన్ని చూడలేనివాడికే.

మా అందరికీ పెద్ద కల్నల్ గారు. సైన్యంలో సర్జన్‌గా పనిచేసి రిటైరయ్యారు. పుట్టి పెరిగింది హైదరాబాదు పాతబస్తీలో. ఎక్కడో మంచుకొండల మీద కుర్రాళ్ళు తన చేతుల్లోనే నెత్తురు కారి పోయారని, హెలికాప్టర్ వచ్చేసరికి ఏమీ మిగిలేది కాదని ఒకే ఒక్కసారి చెప్పారు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. పందులను మాత్రం సైనికులను చూసినట్టే చూసుకునేవారు. వాటి గదికి కూలర్లు, కరెంటు పోతే జనరేటరు. గోడ అవతల మేడ కట్టే కూలీల గుడిసెలకు కరెంటే లేదు కాబట్టి పోయే ప్రశ్న రాలేదు. పందిని పడుకోబెట్టే ఇనుప ఊయల కోసం ఆయనే స్వయంగా బాలానగర్ వెళ్ళి, వర్క్‌షాపులో దగ్గరుండి వెల్డింగ్ చేయించుకొచ్చారు. దాన్ని చేసినాయన ఏ పసిపాపకోననుకుని అంచులన్నీ నున్నగా అరగదీసి ఇచ్చాడట.

సైన్యం అలవాటు కొద్దీ కల్నల్ గారు గేటు మీద ఎర్ర ప్లస్ గుర్తు వేయించారు. దాని కింద "తీవ్ర రక్తస్రావ చికిత్స పరిశోధన కేంద్రం" అని పెద్దక్షరాల్లో బోర్డు. పరిశోధన అన్న మాట ఎవరికి కావాలి. ఎర్ర గుర్తూ, చికిత్సా చాలు. చుట్టుపక్కలవాళ్ళంతా అదొక దవాఖాన అనే అనుకున్నారు. ఎప్పుడూ ఎవరూ లోపలికి రాకపోవడానికి కారణం, అది పెద్దవాళ్ళ దవాఖాన, తమను రానివ్వరు అనుకోవడమే.

ఒక రోజు పొద్దున వచ్చారు.

ఆ పూట పందిని అప్పటికే మత్తులో పెట్టాను. గొట్టాలు అమర్చాం. ఇంజినీరు తెర వైపు తిరిగి, "గీతలు బాగున్నాయండి" అన్నాడు. నెత్తురు తీయడం మొదలుపెట్టాలి. అప్పుడు గేటు దగ్గర కేకలు వినిపించాయి. బయటికి వెళ్ళి చూస్తే నలుగురు మగవాళ్ళు ఒక టార్పాలిన్ పట్టా నాలుగు కొసలూ పట్టుకుని నిలబడి ఉన్నారు. పట్టాలో ఒక ఆడమనిషి. పక్క సైటులో తట్ట మోసే కూలీ. లారీలోంచి దించుతుంటే అద్దం పలక జారి, పగిలి, ఆమె తొడ లోపలి వైపు కోసేసింది. చీర నడుము కిందంతా ఒకే రంగు. వెంట ఇంకో ఆడమనిషి, ఆమె తోటికోడలు, ఒక చేత్తో చెప్పులు పట్టుకుని వగరుస్తోంది.

"ఇది మనుషుల దవాఖాన కాదు, పందులది" అంటున్నాడు గేటు దగ్గరి వాచ్‌మన్.

"ఎర్ర గుర్తుంది గదా" అంది తోటికోడలు.

కల్నల్ గారు వాచ్‌మన్‌ను పక్కకు జరిపి పట్టా మీదికి వంగారు. ఒక్క క్షణం చూసి, పిడికిలి బిగించి ఆమె గజ్జ దగ్గర అదిమారు. కారుతున్న నెత్తురు సన్నబడింది. నేను నా చున్నీ మడిచి గాయం మీద పెట్టి గట్టిగా కట్టాను. అంతవరకు నాకు తెలిసిన పనే. తర్వాత ఏం చెయ్యాలో కూడా తెలుసనుకున్నాను. ఇన్నాళ్ళుగా రోజూ చేస్తున్నది అదే కదా.

"సార్, మన ద్రవం తెస్తాను" అన్నాను.

"అది పందులకు. ఈమె పంది కాదు. ఎవరిచ్చిన్రు మనకు పర్మిషన్? మామూలు సెలైన్ తే. ఒక్కటే తే."

"ఇంత నెత్తురు పోయింది కదా సార్, రెండు మూడు తెస్తే..."

"మనం తొందరపడి ఎక్కించిన పందులు ఏమైనయో మర్చిపోయినవా?"

మర్చిపోలేదు. తెగిన నాళం మూతపడకముందే ద్రవం ధారగా పోస్తే, లోపలి ఒత్తిడి పెరిగి, అప్పుడప్పుడే గడ్డకట్టిన నెత్తురు ఊడిపోయి, పంది మళ్ళీ మొదటినుంచి కారడం మొదలుపెట్టేది. అలా చాలానే పోయాయి. ఇన్ని జీవాలు పోగొట్టుకుని మేము నేర్చుకున్నది నిదానంగా పొయ్యాలని. ఒక్క సీసా తెచ్చి, సూది పెట్టి, చుక్క చుక్కగా వదిలాను.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే హైటెక్ సిటీ తెలుసన్నారు, ఖాజాగూడ ఎక్కడో తెలియదన్నారు. ఉన్న బండి ఒక్కటే. వెనకాల ఇనుప జాలీ, అడుగున గడ్డి, నిన్ననే కొత్త పందులను దించిన వ్యాను. డ్రైవర్ గడ్డి ఊడ్చబోతే కల్నల్ గారు వద్దన్నారు. "ఉండనీ, మెత్తగుంటది."

ఎక్కుతూ ఎక్కుతూ నేను వెనక్కి తిరిగి, షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ ఇంజినీరుతో, "పంది జాగ్రత్త. మత్తు ఆపేసి మెల్లగా లేవనివ్వు" అన్నాను.

"నేనాండి?" అన్నాడతను. వ్యాను కదిలింది.

బండి ఎక్కిన కాసేపటికి ఆమెకు తన ఒంటి మీద ఎవరి చెయ్యి ఎక్కడుందో తెలిసొచ్చింది. కొంగు ముఖం మీదికి లాక్కుని, "ఆ ముసలాయన్ని చెయ్యి తియ్యమను" అంది తోటికోడలితో.

"డాక్టర్ సాబ్ అక్కా ఆయన" అన్నాను నేను.

"ఎవరైతేంది. తియ్యమను."

కల్నల్ గారు నా చెయ్యి పట్టుకుని తన పిడికిలి పక్కన పెట్టించి, చర్మం కింద కొట్టుకుంటున్న నాళం నా వేళ్ళకు తగిలేదాకా జరిపి, "ఇక్కడ. బరువంతా వెయ్యి. దవాఖాన వచ్చేదాక తియ్యకు" అని, తాను కాళ్ళ వైపు జరిగి సీసా పట్టుకున్నారు. పంది గజ్జలో అదే నాళాన్ని నేను లెక్కలేనన్నిసార్లు వెతికి పట్టుకున్నాను. నెత్తురు బయటికి తీయడానికి. బయటికి రాకుండా ఆపడానికి వెతకడం అదే మొదలు.

"ఇప్పుడు మెదడు చూడాలె" అన్నారు కల్నల్ గారు.

"యంత్రం లేదు కదా సార్."

"మాట్లాడిస్తే చాలు. జవాబు తప్పొస్తే నెత్తురు తక్కువైనట్టు. ఆలస్యమొస్తే ఇంకా తక్కువైనట్టు." ఆయన గొంతు సవరించుకుని, ఆమె ముఖం వైపు వంగి, ఆర్మీ ఆసుపత్రిలో అడిగే పద్ధతిలో మొదలుపెట్టారు. "అమ్మా, ఇయ్యాల తారీకెంత?"

"నాకెర్కలే."

"ఏ సంవత్సరం?"

"నాకెర్కలే."

"దేశానికి ప్రధానమంత్రి ఎవరు?"

ఆమె కొంగు కొంచెం తప్పించి ఆయన్ను చూసింది.

కల్నల్ గారి ముఖం పాలిపోయింది. మెదడుకు నెత్తురు అందడం లేదని నాతో మెల్లగా ఇంగ్లీషులో అన్నారు.

"ఆమెకు నిన్న కూడా తెలిసి ఉండదు సార్" అన్నాను. "నన్ను అడగనివ్వండి."

అడగాలి సరే, ఏం అడగాలి? ఆమెకు తెలిసిందై ఉండాలి, ఆమె చెప్పింది తప్పో ఒప్పో మాకు తెలియాలి. మాకేమో ఆమె గురించి ఒక్క ముక్క తెలియదు. అప్పుడు తోటికోడలి మీద పడింది నా చూపు.

"పొద్దున ఏం కూర వండినవ్ అక్కా?" అని అడిగాను.

"చింతకాయ తొక్కు వేసుకొని రొట్టె తిన్నం. కూరెక్కడిది."

నేను తోటికోడలి వైపు చూశాను.

"అవద్దం" అంది తోటికోడలు. "రాత్రి వంకాయ కూర మిగిలిందుండె. అది గూడ తిన్నది."

"మాడిపోయింది గదా అది. దాన్ని కూరంటరా" అంది పట్టాలోని మనిషి.

"ఎవరు మాడబెట్టిన్రు?"

"నువ్వే. పొయ్యి మీద పెట్టి ముచ్చట్లకు పోయినవ్."

కల్నల్ గారు తలెత్తి నన్ను చూశారు. నేను తలూపాను. గీతలు బాగున్నాయి అని ఇంజినీరు చెప్పినప్పుడు ఊపినట్టే. మాదాపూర్ దాటుతుండగా వాళ్ళిద్దరూ వంకాయల దగ్గరి నుంచి పాలమూరు దిక్కున ఉన్న వాళ్ళ ఊళ్ళో పొలం గట్టు దాకా వెళ్ళారు. ఎవరి మాట నిజమో నాకు తెలియదు గానీ, ఒకరు తప్పు చెబితే రెండోవారు ఊరుకోవడం లేదు. ఇంత నమ్మకంగా సరిచూసే ఏర్పాటు మా షెడ్డులో ఏ రోజూ లేదు.

మధ్యలో ఆమె ముక్కు ఎగబీల్చింది. "ఏందీ వాసన?"

"పందుల బండి ఇది" అంది తోటికోడలు.

"ఛీ. గిదొక్కటే దొరికిందా మీకు?"

"చక్కగుంది, తిట్టనియ్యి" అన్నారు కల్నల్ గారు. "తిట్టుడు బందైతే నాకు చెప్పు."

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆగిపోయాయి. ఎవరో పెద్దమనుషులు హైటెక్ సిటీ చూడటానికి వస్తున్నారట, పోలీసులు అటు దారి వదిలి మా వైపు ఆపేశారు. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. కల్నల్ గారు జాలీలోంచి చెయ్యి బయటపెట్టి ఒక కానిస్టేబుల్‌ను పిలిచారు. అతను దగ్గరికి వచ్చి, పందుల వ్యాను అని చూసి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వెనక్కి వెళ్ళాడు. నా చేతులు తిమ్మిరెక్కాయి. మోచేతులు బిగించి ఒళ్ళంతా వేళ్ళ మీదికి తెచ్చుకున్నాను.

అక్కడే ఆమె మాట ఆగింది.

"అక్కా, మీ పిల్లలెందరు?" అన్నాను. "అక్కా, మీ ఊళ్ళో వానలు పడ్డయా?" పెదవులు కదిలాయి, మాట రాలేదు. కళ్ళు సగం మూతపడ్డాయి. ముఖం మీద చెమట. మత్తులోకి జారుతున్న పందులను రోజూ చూసేదాన్ని, ఆ మూతపడటం నాకు బాగా తెలుసు. కల్నల్ గారు సీసా ఎత్తి పట్టుకుని, చుక్కలు కొంచెం పెంచి, ఆమె కాలి వేళ్ళు తడిమి చూశారు. "మాట్లాడించు" అన్నారు. ఆ మాటలో ఆజ్ఞ లేదు. బతిమాలుతున్నట్టుంది.

నాకు ఒక్క ప్రశ్న కూడా తట్టలేదు.

అప్పుడు తోటికోడలు వంగి, ఆమె చెవిలో కాదు, బండంతా వినపడేట్టు అంది, "నువ్వు పోతే నీ వెండి కడియాలు నేను పెట్టుకుంట."

కాసేపు ఏమీ లేదు. తర్వాత కళ్ళు తెరవకుండానే ఆమె అంది, "నీ కాళ్ళకెక్కయి."

"ఎందుకెక్కయి?"

"ఏనుగు కాళ్ళు నీయి."

కల్నల్ గారు ముఖం అటు తిప్పుకున్నారు. ముందు బండ్లు కదిలాయి. అక్కడి నుంచి దవాఖాన దాకా తోటికోడలు కడియాలు వదల్లేదు. అవి ఎవరు కొన్నారు, ఎవరి పెళ్ళికి కొన్నారు, అత్త ఎవరికి ఇస్తానని ఎవరికి ఇచ్చింది, అంతా తీసింది. పట్టాలోని మనిషి ఒక్కో మాట వెతుక్కుంటూనే, అయినా ప్రతిదానికీ అడ్డం చెబుతూనే వచ్చింది.

నగరంలోని పెద్ద దవాఖానలో స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు డ్యూటీ డాక్టరు, "స్పృహ ఎలా ఉంది?" అని అడిగాడు. "తారీకు తెలియదు, కడియాలు తెలుసు" అన్నాను నేను అలవాటుగా రిపోర్టు చెప్పినట్టు. అతను నన్ను ఒకసారి ఎగాదిగా చూసి ఆమెను లోపలికి తీసుకుపోయాడు. దవాఖాన అవుట్‌పోస్టు కానిస్టేబుల్ కేసు రాసుకుంటూ నన్ను అడిగాడు.

"మీరెవరు?"

"డాక్టర్‌ని."

"ఏ డాక్టర్?"

"పశువుల డాక్టర్‌ని."

అతను బయట నిలిపిన వ్యాను చూశాడు, నన్ను చూశాడు, రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో నేను అడగలేదు.

లోపల నాళం కుడుతున్నంతసేపూ తోటికోడలు, నేను వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాం. ఆమె తెలివి మీద నాకు ఎంతో గౌరవం కలిగింది. "మంచి ఉపాయం చేసినవ్ అక్కా, కడియాల మాట తీసి" అన్నాను.

"ఉపాయమేంది?" అంది ఆమె. "నిజంగనే అడిగిన. అత్త అవి నాకిస్తనన్నది ముందుగాల."

తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపు, కడియాల మీద ఆశ రెండూ నిజమేనని నాకు అనిపించింది. ఆ రెండింటిని విడదీసి చూపే యంత్రం మా ఇంజినీరు దగ్గర ఉందనుకోను.

సాయంత్రం మేము తిరిగి వచ్చేసరికి ఇంజినీరు నేల మీద కూర్చుని ఉన్నాడు. పంది అతని పక్కనే పడుకుని కళ్ళు తెరిచి చూస్తోంది. గొరిగిన తల, దాని మీద ఊడిపోయిన తీగల జిగురు. అతను మొదటిసారి దాని వైపు తిరిగి కూర్చున్నాడు.

"లేచిందండి" అన్నాడు. "గీతలు చదునుగా పోవడమే గానీ తిరిగి రావడం ఎప్పుడూ తీరిగ్గా చూడలేదండి. నిదానంగా, ఒక్కొక్కటే వచ్చాయి. భయమేసి దీనితో మాట్లాడుతూ కూర్చున్నాను. నా కాకినాడ కబుర్లన్నీ దీనికి చెప్పేశానండి."

నెల తిరక్కుండానే అతను రాజీనామా ఇచ్చి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాడు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఏదో అయిపోతాయని అప్పట్లో గొడవ. ఆ రిపేరు పని. "అక్కడ ఎవరికీ ఏమీ కారదండి" అన్నాడు వెళ్ళేటప్పుడు.

కంపెనీ నుంచి విచారణకు ఒక మేనేజరు వచ్చాడు. ప్రయోగం మధ్యలో వదిలేసి వెళ్ళడం నిబంధనలకు విరుద్ధమట. టై కట్టుకుని, మర్యాదగా, ప్లాస్టిక్ కుర్చీ తుడుచుకుని కూర్చున్నాడు. ఎదురుగా కల్నల్ గారు, పక్కన నేను.

"డాక్టర్ గారూ, ఆ రోజు సబ్జెక్ట్ పరిస్థితి ఇప్పుడెలా ఉంది?"

"మంచిగున్నది" అన్నారు కల్నల్ గారు.

"స్పృహ?"

"పూర్తిగ. నోరు గూడ బాగనే నడుస్తున్నది."

మేనేజరు రాసుకున్నాడు. "ఆహారం తీసుకుంటోందా?"

"నిన్న రెండు గుడ్లు తిన్నది."

"మన ప్రోటోకాల్‌లో గుడ్లు లేవు కదా."

"దవాఖానలో పెట్టిన్రు. నడక జర కష్టం, కాలు ఈడుస్తది. వచ్చే నెలల పనికి పోతనంటున్నది."

మేనేజరు పెన్ను ఆగింది. "ఏ పనికి?"

"తట్టలు మోసేటందుకు. నేను వద్దన్న."

మేనేజరు కాసేపు నా వైపు చూశాడు. నేను గుట్టల వైపు చూశాను. అతనికి అర్థమైంది.

"నేను అడుగుతున్నది పంది గురించి" అన్నాడు.

"ఓ, అదా. దానికేం కాలే" అన్నారు కల్నల్ గారు. "అదే మీ తక్లీఫ్."

నిజంగానే అది వాళ్ళకు ఇబ్బందైంది. మత్తు ఎక్కి, నెత్తురు పోకుండానే లేచిన పంది లెక్కల్లో దేనికీ పనికిరాదు. మందులు ఎక్కించినది కాబట్టి మాంసానికీ అమ్మకూడదు. చంపడానికి కారణం రాయాలి, ఉంచుకోవడానికీ కారణం రాయాలి. మేనేజరు ఏ కారణమూ రాయకుండా వెళ్ళిపోయాడు. అది షెడ్డు వెనక నీడలో తింటూ పెరిగింది. దాని మేత కంపెనీయే భరించింది.

ఆ ఘటన తర్వాత గేటు దగ్గరికి మనుషులు రావడం మొదలైంది. జ్వరాలు, సెగ్గడ్డలు, పిల్లల విరేచనాలు. "ఇది దవాఖాన కాదు" అని కల్నల్ గారు ఇంకో బోర్డు రాయించారు. చదవలేనివాళ్ళు అది రెండో దవాఖాన బోర్డు అనుకున్నారు. చివరికి ఆయనే పొద్దున పూట గేటు బయట కుర్చీ వేసుకుని కూర్చునేవారు. లోపల పందులు ఎదురుచూసేవి. వాటికేమీ తొందర లేదు.

ప్రయోగాలన్నీ అయ్యాక కల్నల్ గారు రాసిన నివేదిక చాలా చిన్నది. కంపెనీ ద్రవానికీ మామూలు సెలైన్‌కూ మెదడు విషయంలో తేడా ఏమీ కనబడలేదు. తేడా కనబడింది ఒక్క విషయంలోనే. కారడం ఆపి, నిదానంగా పోసినప్పుడు పందులు బతికాయి, వాటి మెదళ్ళూ బతికాయి. కంపెనీ వాళ్ళు దాన్ని చదివి అభినందించి, ప్రాజెక్టు మూసేశారు. నిదానాన్ని సీసాలో పోసి అమ్మడం కుదరదు కదా. షెడ్డు స్థలం అప్పటికే ఎవరో బిల్డరు చూసి వెళ్ళాడు.

సామాన్లు సర్దుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది, తోటికోడలు వెంట. కాలు కొంచెం ఈడుస్తూ, కర్ర లేకుండా. ఊరికి పోతున్నారట, వెళ్ళే ముందు చెప్పిపోదామని వచ్చారట. మా మీద ఆమెకు పెద్ద ఫిర్యాదే ఉంది. గుడిసెల్లో అందరూ తనను పందుల బండిలో పోయినామె అని పిలుస్తున్నారట. "ఆటోల తోల్కపోతే ఏమైతుండె మీకు?" అంది నన్ను. నేను క్షమించమన్నాను. ఆ మాత్రానికే మెత్తబడి, కొంగుముడి విప్పి రెండు జామకాయలు తీసి నా చేతిలో పెట్టింది.

కల్నల్ గారు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తాను నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె పాదం తన ఒళ్ళో పెట్టుకున్నారు. ఈసారి ఆమె కాదనలేదు, మొహమాటంగా తల అటు తిప్పుకుంది అంతే. ఆయన చీలమండ పక్కన వేళ్ళు పెట్టి నాడి వెతికారు. కళ్ళు మూసుకున్నారు. నాడి చూడటానికి అంతసేపు అక్కర్లేదని నాకు తెలుసు.

"ఏమైంది సారూ?" అంది ఆమె భయంగా.

"ఏం కాలే. కొట్టుకుంటున్నది."

ఆయన వేళ్ళు తియ్యలేదు. బయట ఎక్కడో బండ పేల్చారు, రేకులు అదిరాయి. ఆమె తోటికోడలి వైపు చూసింది, తోటికోడలు గేటు వైపు చూసింది.

"ఇగ ఇడువు సారూ" అంది ఆమె. "బస్సు పోతది."